ముందే కలొచ్చిందా?

"ఇలా జరుగుతుందని నాకు ముందే కలొచ్చింది" అని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని మేము అనడం లేదు. వాళ్లకు నిజంగానే అలా అనిపిస్తుంది, చెబుతుంటే ఒళ్లు జలదరిస్తుంది కూడా. మా అనుమానం కల మీద కాదు, అది గుర్తున్న తీరు మీద.

స్పష్టమైన కలలు ఎక్కువగా రెమ్ నిద్రలో, అంటే మూసిన రెప్పల కింద కళ్లు వేగంగా కదిలే దశలో వస్తాయి. రాత్రికి నాలుగైదు సార్లు ఆ దశ వస్తుంది, అప్పుడు మెదడులో నోర్ ఎపినెఫ్రిన్ అనే రసాయనం బాగా తగ్గిపోతుంది, కల నిలవకపోవడానికి అదొక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. లేచి మొహం కడుక్కునేలోపు సగం పోతుంది. మిగిలేది ఏవో నీళ్లు, ఎవరిదో ఏడుపు, కొంచెం భయం. రెండు రోజులకు వరద వార్త చూస్తాం, అంతే, ఆ ముక్కల మధ్య ఖాళీల్లోకి వార్తలోని వీధి, పడవ, పిల్లాడు వచ్చి కూర్చుంటారు, కూర్చోబెట్టింది మనమేనని మనకే తెలియదు. దేనికీ సరిపోలని కలలైతే అసలు గుర్తే రావు.

అందుకే ముందే రాసిన కలలు చూడాలి. 1932 మార్చి 1న అమెరికాలో ప్రఖ్యాత పైలట్ చార్లెస్ లిండ్‌బర్గ్ 20 నెలల కొడుకును ఎత్తుకుపోయారు. బిడ్డ గురించి కలలొస్తే పంపమని హార్వర్డ్ మనస్తత్వవేత్తలు మర్రే, వీలర్ పత్రిక ద్వారా అడిగితే దాదాపు 1300 వచ్చాయి. మే 12న రోడ్డుకు దగ్గర్లో, చెట్ల మధ్య, లోతులేని గోతిలో శవం దొరికింది. బిడ్డ చనిపోయినట్టు వచ్చిన కలలు నూటికి 5 మాత్రమే, చావు, గొయ్యి, చెట్లు మూడూ ఉన్నవి నాలుగంటే నాలుగు. ఆ నాలుగింటిలో ఒకటి కన్న మనిషి మా ఎదురుగా కూర్చుని చెబితే మేమూ నమ్మేసేవాళ్లమేమో, మిగతా పన్నెండు వందల చిల్లర కలల గురించి చెప్పడానికి ఎవరొస్తారు?

మీకూ పరీక్షించాలని ఉంటే లేవగానే తేదీ వేసి ఫోన్‌లో రాసుకోండి, నిజం కానివాటిని కూడా లెక్కలో ఉంచండి.

ఇదంతా ఇంత పట్టుగా చెప్పడానికి ఒక కారణం ఉంది. ప్రమాదంలో అయినవాళ్లను పోగొట్టుకుని "కలలో కనిపించింది, అయినా ఆపలేకపోయాను" అని ఏళ్ల తరబడి కుమిలిపోయేవాళ్లు ఉన్నారు. ఆ కలకు అంత స్పష్టత వచ్చింది ప్రమాదం జరిగాకే అయ్యుంటుంది, ముందురోజు మీ దగ్గర ఉన్నది కలత నిద్ర ఒక్కటే, దాన్నిబట్టి ఎవరినీ ఆపగలిగేవాళ్లు కాదు.