పిలుపు సరే, ఒప్పందం ఏది?

పన్నెండు రోజుల క్రితం ఒకే ఆహ్వానాన్ని నాకు నలుగురు పంపారు. చెన్నైలోని తెలుగువాళ్ల బృందం ఒకటి ‘నీళ్లు’ అనే అంశం మీద కళాసంపుటి తెస్తోంది. బొమ్మ, ఫొటో, కవిత, పాట, శబ్దం, చిన్న వీడియో, ఏదైనా పంపవచ్చు. ఎంపికైనవాటిని ముందు ప్రదర్శనగా పెట్టి, తర్వాత డిజిటల్ సంపుటిగా విడుదల చేస్తారు. ‘రండి, కలిసి సృష్టిద్దాం’ అని పైన పెద్ద అక్షరాలు. అడుగున చిన్న అక్షరాల్లో అసలు సంగతి: పారితోషికం లేదు, గుర్తింపు ఉంటుంది. పంపిన ప్రతి కృతి మీదా సర్వహక్కులు ఎల్లకాలం, ప్రపంచమంతటా నిర్వాహకులవే. గడువు మూడు వారాలు.

నాకు పంపిన నలుగురిలో ముగ్గురు చిత్రకారులు. ముగ్గురూ ‘మంచి ప్రయత్నం’ అనే రాశారు. మంచి ప్రయత్నమే, కాదనను. చెడ్డదైతే చదివి పక్కన పెట్టేవాణ్ని.

అంశంతో నాకు ఏ పేచీ లేదు. నీళ్ల గురించి చెప్పడానికి చెన్నై తెలుగువాళ్ల దగ్గర ఉన్నంత సరుకు ఎవరి దగ్గర ఉంటుంది? తమిళనాడుతో కుదిరిన 1983 ఒప్పందంతో పుట్టిన తెలుగుగంగ కాలువ కృష్ణా నీటిని కండలేరు నుంచి చెన్నైకి తాగునీరిచ్చే పూండి జలాశయానికి తెస్తుంది. ఏటా 12 టీఎంసీలు అన్నది మాట. ఆ మాట నిండని ఏళ్లు ఎన్నో. 2015 డిసెంబరులో ఇదే నగరం కొన్నిచోట్ల మొదటి అంతస్తు దాకా మునిగింది. నాలుగేళ్లు తిరగకముందే, 2019 జులై 12న, జోలార్‌పేట నుంచి యాభై వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్ల తాగునీరు మోసుకొచ్చింది. ఆ వేసవిలో మా కోడంబాక్కం వీధిలో ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. తెల్లవారుజామున రెండింటికి హారన్ వినిపిస్తే చాలు, మెట్ల మీద బిందెలు దొర్లే చప్పుడు. ఆ చప్పుడు ఏ బొమ్మలోనూ పట్టదు. దానికి మైకు కావాలి. అందుకే బొమ్మనూ శబ్దాన్నీ మాటనూ ఒకచోట చేర్చాలన్న ఆలోచన తప్పనిసరిగా రావలసినదే.

నా అభ్యంతరం ‘కలిసి’ అనే మాట దగ్గర మొదలవుతుంది. కొట్టివాక్కంలో ఒకరు బొమ్మ వేస్తారు. పెరంబూరులో ఒకరు కవిత రాస్తారు. అంబత్తూరులో మరొకరు ఫోనులో వాన చప్పుడు రికార్డు చేస్తారు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడరు. నిర్వాహకులు బొమ్మ పక్కన కవిత పెట్టి, వెనక వాన వినిపిస్తారు. పది ఇళ్ల కూరలు తెచ్చి ఒకే విస్తట్లో వడ్డిస్తే విందు అవుతుందేమో గానీ, అందరూ కలిసి వండినట్టు కాదు.

కలిసి వండటం అంటే ఏమిటో ఈ నగరంలోని తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1963లో నాట్యగురువు వెంపటి చినసత్యం ఇక్కడే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయన నృత్యనాటకాలకు కవి భుజంగరాయశర్మ మాట ఇచ్చారు, ఘంటసాల దగ్గర సహాయకుడిగా పనిచేసిన పట్రాయని సంగీతరావు స్వరం ఇచ్చారు, చినసత్యం అడుగు కూర్చారు. నృత్యనాటకంలో ఎవరి ముక్క వారు రాసి పంపితే కుదరదు. పాత్ర రంగం మీదికి వచ్చే ప్రవేశ దరువు ఎంత సేపు నడవాలో నర్తకి అడుగు చెబుతుంది. అభినయం ఏ మాట మీద నిలవాలో తేలితే గానీ రాగం ఎక్కడ ఆగాలో తేలదు. జతి, అంటే అడుగులకు పలికే తాళపు అక్షరాలు, వచ్చి పడే చోట గురులఘువులు సరిపడకపోతే కవి పదం మార్చుకోవాలి. ఒకరి పని ఇంకొకరి పనిని వంచుతుంది, వంగిన చోటే కొత్త అందం పుడుతుంది. ఆ ముగ్గురి పేర్లూ ఇవాళ్టికీ విడివిడిగా చెప్పగలం. వాళ్లు చేసినదాన్ని మాత్రం విడదీయలేం. బహుళమాధ్యమ కళ అనే కొత్త మాటకు మన ఇంట్లోనే అరవయ్యేళ్ల నాటి నమూనా ఉండగా, మూడు వారాల గడువు పెట్టి ఈమెయిలుకు పంపమనడం నాకు మింగుడుపడటం లేదు.

ఇక డబ్బు. కళాకారుడు డబ్బు మాట ఎత్తితే మనవాళ్ల మొహాలు ముడుచుకుంటాయి. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇంజంబాక్కం దాకా వెళ్లి రండి. 1966లో మద్రాసు చిత్రకళాశాల ప్రిన్సిపాల్ కె.సి.ఎస్.పణిక్కర్, ఆయన శిష్యులు, తోటి కళాకారులు కలిసి ఆ ఇసుకలో చోళమండల్ కళాకారుల గ్రామం మొదలుపెట్టారు. చదువు ముగిశాక తన విద్యార్థులు బతుకుతెరువు కోసం కుంచె వదిలేయాల్సి వస్తుందన్న దిగులే దానికి పునాది. పగలు మైనంతో అద్దకం చేసే బాతిక్ బట్టలూ చేతిపనులూ చేసి అమ్మారు, ఆ రాబడితో స్థలం కొన్నారు, మిగిలిన వేళల్లో తమ బొమ్మలు వేసుకున్నారు. దక్షిణ భారత ఆధునిక చిత్రకళలో అంత పేరు తెచ్చుకున్న సమష్టి ప్రయత్నం ‘రేపటి బియ్యం ఎక్కడివి?’ అనే ప్రశ్న నుంచి మొదలైంది. గుర్తింపు దానంతటది వెనకాలే నడిచి వచ్చింది. మనం ఇప్పుడు ఆ వరసను తలకిందులు చేసి, గుర్తింపు చేతిలో పెట్టి బియ్యం సంగతి మరచిపొమ్మంటున్నాం.

నిర్వాహకుల వాదన నాకు తెలుసు. వాళ్లు దీనితో బతికేవాళ్లు కారు. సాయంత్రాలూ ఆదివారాలూ ధారపోసి, సొంత జేబులోంచి ఖర్చు పెట్టే మనుషులు. అందరికీ పారితోషికం ఇవ్వాలంటే ఈ పని అసలే జరగదంటారు. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ హాలుకు అద్దె కడుతున్నారు. ఫ్లెక్సీకి, మైకు సెట్టుకు, ప్రారంభోత్సవం భోజనాలకు కడుతున్నారు. హాలు యజమానికి గుర్తింపు ఇస్తామని ఎవరూ చెప్పరు. ఆ ఖర్చుల జాబితాలో కళాకారుడి వరస ఒక్కటే ఖాళీగా ఉండటం పేదరికం వల్ల జరగలేదు, అలవాటు వల్ల జరిగింది. డబ్బు నిజంగా తక్కువైతే తక్కువమందిని పిలవండి. అరవై మంది దగ్గర ఊరికే తీసుకునే బదులు ఆరుగురిని పిలిచి, ఒక గది ఇచ్చి, నెల రోజులు కలిసి పని చేయనిచ్చి, దారి ఖర్చులైనా చేతిలో పెట్టండి. సంపుటి పలచబడుతుంది. పలచబడనివ్వండి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టినది హక్కుల షరతు. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చదివిన కళాకారులు మనలో ఎంతమంది? హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఏ కృతి, ఏ హక్కు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నది ఆ కాగితంలో కనిపించాలి. కాలం రాయకపోతే అయిదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అంటే చట్టం తనంతట తానే సృష్టికర్త వైపు ఒక అడుగు వేసి నిలబడింది. ‘ఎల్లకాలం, ప్రపంచమంతటా’ అనే నాలుగు ముక్కలు చేర్చి ఆ అడుగును వెనక్కి లాగుతున్నది ఇలాంటి షరతులే. అదీ ఎంపిక కాని కృతులకు కూడా! తిప్పి పంపిన బొమ్మ మీద హక్కు దేనికి?

అదే చట్టంలో 57వ సెక్షన్ ఉంది. హక్కులు అమ్ముకున్నా ‘ఇది నాది’ అని చెప్పుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా కృతిని వికృతం చేయకుండా అడ్డుకునే హక్కు కళాకారుడి దగ్గరే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ప్రభుత్వం ఊడదీసి గోదాములో పడేసింది. ఆయన కోర్టుకు వెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలను ఆయనకే తిరిగివ్వమంది, అయిదు లక్షల పరిహారం కట్టమంది. డబ్బిచ్చి కొనుక్కున్న ప్రభుత్వానికే ఆ హద్దు గీసిన దేశంలో, ఒక్క రూపాయీ ఇవ్వని బృందానికి సర్వహక్కులు ధారాదత్తం చేస్తున్నాం.

చేసినవారిని లెక్కలోకి తీసుకోని ఈ జబ్బు ఒక్క ఆహ్వానంతో వచ్చింది కాదు. పాటకు మనం ముద్ర, అంటే పాటలోనే రచయిత సంతకం, ఇచ్చాం. ప్రతి మార్గళిలో (ధనుర్మాసంలో) మైలాపూరు సంగీత సభల్లో తెలుగు రాని గాయకులు కూడా చివరి చరణంలో త్యాగరాజు పేరు పలికే దిగుతారు. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు ఉండాల్సిందే. శతక పద్యానికి మకుటం ఉంది. శతాబ్దాలు గడిచినా రాసినవారు ఎవరో పాటే చెబుతుంది. మరి చేతితో చేసేవాళ్లకు ఏమిచ్చాం?

ఒకసారి శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే పెద్దాయన పక్కన ఒక పూట కూర్చున్నాను. కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ. మొన తేలిన వెదురుపుల్ల, దాని మెడకు చుట్టిన నూలు ఉండ. బెల్లం, తుప్పుపట్టిన ఇనుప ముక్కలు రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లలో ఆ ఉండను ముంచి, వేళ్లతో మెల్లగా నొక్కుతూ ఒక కనుబొమ గీశారు. గుడ్డను తాకినప్పుడు మురికినీళ్ల రంగు. నేను చూస్తుండగానే కరక్కాయ పట్టుకుని నల్లబడింది. చెరపడానికి వీల్లేని గీత. ఆ తర్వాత పటిక పెట్టేది ఒకరు, ఉడికించేది ఒకరు, పారే నీళ్లలో జాడించేది ఒకరు, పసుపూ నీలమూ నింపేది ఇంకొకరు. కొన్నాళ్లకు చెన్నైలో ఒక దుకాణంలో అలాంటి గుడ్డే చూశాను. అంచుకు కుట్టిన చీటీ మీద దుకాణం పేరుంది, ధర ఉంది, శ్రీకాళహస్తి అని ఉంది. కనుబొమ గీసినవారి పేరు లేదు. భౌగోళిక గుర్తింపు (ఊరి పేరుకు చట్టం ఇచ్చే జీఐ ముద్ర) ఊరికి దక్కింది, చేతికి దక్కలేదు. మౌంట్ రోడ్డు మీద నలభై అడుగుల కథానాయకులను చేత్తో చిత్రించిన బ్యానర్ పనివాళ్లదీ ఇదే కథ. పాడేవాడు కళాకారుడు, గీసేవాడు పనివాడు అనే ఈ విభజన మన సంఘాల ఆహ్వానపత్రికల్లో ఇవాళ్టికీ బతికే ఉంది. ముఖ్య అతిథి ఫొటో అంత పెద్దగా వేస్తాం. వేదిక వెనక తెర వేసిన మనిషికి ఒక్క పంక్తి కూడా ఇవ్వం.

ఆ బృందానికి నేను జవాబు రాశాను. సర్వహక్కుల షరతు తీసేసి, ఈ ప్రదర్శనకూ ఈ సంపుటికీ మాత్రమే, రెండేళ్లకు అనుమతి అడగమన్నాను. ప్రతి కృతితో పాటు దానికి చేయి వేసిన ప్రతి ఒక్కరి పేరూ, చప్పుడు రికార్డు చేసినవారితో సహా, వేయమన్నాను. ఎంపికైనవాళ్లను ప్రదర్శనకు ముందు కనీసం నాలుగు ఆదివారాలు ఒకచోట కూర్చోబెట్టమన్నాను. దానికి గది దొరక్కపోతే మా మేడ మీద ఖాళీ ఉంది.

నా దగ్గర 2019 జులైలో తీసిన ఫొటో ఒకటి ఉంది. ట్యాంకరు రాకముందు మా వీధిలో బిందెల వరుస. అన్నీ ఒకే కంపెనీ ప్లాస్టిక్ బిందెలు. ఎవరిది ఎవరిదో తెలియడానికి ఒకదాని మెడకు పాత చీర పేలిక ముడి వేసి ఉంది. ఒకదాని మీద గోళ్లరంగుతో ‘ల’ అని రాసి ఉంది. ఆ బిందె లలితమ్మగారిదో లక్ష్మిగారిదో అడిగి కనుక్కోవాలి. జవాబు వస్తే పంపుతాను. గడువుకు ఇంకా తొమ్మిది రోజులుంది.