ఇన్ఫోసిస్ లెక్క మా నాన్నకు చెప్పకుండా ఉండాల్సింది

మొన్న రథసప్తమికి అరసవల్లిలో దర్శనం చేసుకుని చుట్టాలంతా మా ఇంటికొచ్చారు. భోజనాలయ్యాక మా మేనత్త కొడుకు ఫోన్ తీసి నాన్నకు ఒక వీడియో చూపించాడు. "మావయ్యా, 1993లో నువ్వు వంద ఇన్ఫోసిస్ షేర్లు కొని మర్చిపోయి ఉంటే ఇవాళ పదిహేను కోట్లు. పెట్టాల్సింది తొమ్మిదిన్నర వేలే!" అన్నాడు. వాడి మనసులో చెడు ఏమీ లేదు. నాన్న కూడా నవ్వి ఊరుకున్నారు. కానీ ఆ రాత్రి నేను నీళ్ల కోసం లేస్తే ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. "అప్పట్లో తొమ్మిదిన్నర వేలు నా చేతిలో ఉన్నాయిరా" అన్నారు.

ఆ మాట వారం రోజులుగా నన్ను వదలడం లేదు. శ్రీకాకుళం చుట్టుపక్కల బడుల్లో జీవితమంతా సైన్సు చెప్పిన మనిషి, ఎవరికీ రూపాయి ఎగ్గొట్టని మనిషి, డెబ్బై దాటాక తన బతుకంతా పదిహేను కోట్ల నష్టం అనుకుంటూ చీకట్లో కూర్చున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి.

లెక్కలో తప్పు లేదు, అది ముందే చెప్తున్నా. 1993 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ ఇష్యూ ధర, అంటే మొదటిసారి జనానికి షేర్లు అమ్మిన ధర, 95 రూపాయలు. తర్వాత 1994, 1997, 1999లో ఒకటికి ఒకటి బోనస్, అంటే ఉన్న ప్రతి షేరుకూ ఇంకొకటి ఉచితం. 2000లో స్ప్లిట్ చేసి ఒక షేరును రెండు చేశారు. 2004లో ఒకటికి మూడు బోనస్. 2006, 2014, 2015, 2018లో మళ్లీ ఒకటికి ఒకటి. అలా వంద షేర్లు 1,02,400 అవుతాయి. షేరు 1,500 అనుకుంటే 15 కోట్లు దాటుతుంది, కంపెనీ లాభంలోంచి పంచే డివిడెండ్లు దీనికి అదనం. ఏడాదికి సుమారు 34 శాతం చక్రవడ్డీ అన్నమాట.

మరి 1993లో ఇదంతా ఎవరికి తెలుసు? అంతకు ముందు ఏడాదే షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది. షేర్లంటే జనం భయపడి ఉన్నారు. ఇన్ఫోసిస్ ఇష్యూకు సరిపడా దరఖాస్తులు కూడా రాలేదు. చివరికి అమెరికా పెట్టుబడి బ్యాంకు మోర్గాన్ స్టాన్లీ ఇష్యూ ధరకే 13 శాతం వాటా తీసుకుంటే గట్టెక్కింది. బొంబాయిలో షేర్ల మీదే బతికేవాళ్లు వద్దనుకున్న దాన్ని శ్రీకాకుళంలో సైన్సు మాస్టారు కొనలేదని ఇవాళ ఆయనకు గుర్తుచేయడం ఏం న్యాయం? ఆ రోజుల్లో పోస్టాఫీసులో కిసాన్ వికాస పత్రం కొంటే ఐదున్నరేళ్లకు డబ్బు రెట్టింపయ్యేది. చేతిలో నాలుగు డబ్బులు మిగిలిన ఉద్యోగికి తెలిసిన దారి అదే.

సరే, ధైర్యం చేసి షేర్లే కొనుంటే? అప్పుడు పేపర్లో ఇష్యూ ప్రకటన ఇచ్చింది ఇన్ఫోసిస్ ఒక్కటే కాదు. రొయ్యల చెరువులు, గ్రానైటు, ఫైనాన్సు, పూల తోటలు, ఏదో ఒక పేరు పెట్టుకుని వరసగా వచ్చాయి. ఆ కాలంలో జనం దగ్గర డబ్బు తీసుకుని అడ్రసు లేకుండా పోయిన కంపెనీలను ప్రభుత్వమే 'వానిషింగ్ కంపెనీలు' అని గుర్తించింది. అవి 238. ఆ జాబితాలోని కంపెనీలో తొమ్మిదిన్నర వేలు పెట్టినవాడి మీద ఎవరూ వీడియో చేయరు.

ఇంకా ధైర్యం చేసి, అదృష్టం కూడా కలిసొచ్చి ఇన్ఫోసిసే కొన్నారనుకుందాం. 2000 మార్చి మొదట్లో ఆయన దగ్గర 1,600 షేర్లు ఉండేవి, వాటి విలువ రెండు కోట్లు దాటేది. అప్పటి శ్రీకాకుళంలో రెండు కోట్లు! ఇంట్లో పెళ్లికెదిగిన ఆడపిల్ల, పెంకులు జారుతున్న ఇల్లు, మంచంలో తాతయ్య. అమ్మకుండా ఉండగలిగే మనిషిని ఒక్కరిని చూపించండి. పోనీ అమ్మలేదే అనుకోండి. ఏడాదిన్నరలో అదే రెండు కోట్లు నలభై లక్షల లోపుకు పడిపోయింది. 2003 ఏప్రిల్‌లో ఒక్క రోజులోనే నాలుగో వంతుకు పైగా పడింది. వీడియోలో ఇదంతా ఒక చిన్న వంపులా కనిపిస్తుంది. ఆ వంపులో బతకాల్సిన మనిషికి రాత్రుళ్లు నిద్ర ఉండేదా? ముప్పై ఏళ్లు 'మర్చిపోవడం' అన్న మాట ఎంత తేలిగ్గా అంటున్నారు! నిజంగా మర్చిపోయినవాళ్ల సంగతి వేరే. ఏడేళ్లు వరసగా డివిడెండు తీసుకోకపోతే ఇప్పుడు ఆ షేర్లే ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. మళ్లీ తెచ్చుకోవాలంటే బోలెడు కాగితాలు.

మన తెలుగువాళ్లకు ఇంకో సాఫ్ట్‌వేర్ కంపెనీ గుర్తుండాలి. సత్యం. మన జిల్లాల నుంచి ఇంజనీరింగ్ చదివిన ప్రతి కుర్రాడూ ఒకప్పుడు చేరాలని కలగన్న కంపెనీ. 2008లో కంపెనీని చక్కగా నడుపుతున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న, లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ముందు రోజు 179 దగ్గరున్న షేరు ఆ రోజు ముగిసేసరికి నలభై లోపు. నాలుగేళ్ల తర్వాత టెక్ మహీంద్రాలో కలిపినప్పుడు పదిహేడు సత్యం షేర్లకు రెండు షేర్లు ఇచ్చారు. 2000లో ఇన్ఫోసిస్, సత్యం రెండూ పక్కపక్కనే మెరిశాయి. ఒకటి ఇలా, ఇంకొకటి అలా అవుతుందని ఆ రోజు ఎవరు చెప్పగలిగేవారు?

మోసం లేకపోయినా, మంచి కంపెనీ అయినా ఇంతే. రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ 2006లో 210 రూపాయలకు ఇష్యూకు వచ్చింది. ఢిల్లీ, హైదరాబాద్ విమానాశ్రయాలు నడిపేది వాళ్లే, మన భోగాపురం విమానాశ్రయం కూడా వాళ్లదే. అయినా పదేళ్ల తర్వాత, 2016లో, స్ప్లిట్లన్నీ కలిపి లెక్కేస్తే షేరు ఇష్యూ ధర కంటే కిందే ఉంది. ఈమధ్య చూస్తే మూడింతలు దాటింది. ఏ ఏడాది దగ్గర ఆపి వీడియో తీస్తే ఆ కథ వస్తుంది.

నా సంగతి కూడా చెప్తాను. 2018లో ఇలాంటి లెక్కే చూసి, తర్వాతి మల్టీబ్యాగర్ (పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లిచ్చే షేరు) ఇదేనని నమ్మి, చీటీ ఎత్తిన మూడు లక్షలు ఒకే షేరులో పెట్టాను. పేరు అనవసరం. పడింది. పడిన ధరకు ఇంకొన్ని కొని యావరేజ్ చేశాను. ఇంకా పడింది. రెండేళ్లకు మిగిలింది నలభై వేలు. అప్పుడు నాకు ఇంట్లో ధైర్యం చెప్పింది నాన్నే.

ఇక ఆ తొమ్మిదిన్నర వేలు. అది ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. ఆ ఏడాది మా మేనత్త బీఈడీలో చేరింది. ఫీజు, హాస్టలు, పుస్తకాలు, రెండు జతల చీరలు, అన్నీ నాన్నే చూశారు. తర్వాత డీఎస్సీలో ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ జీతంతోనే చదువుకుని, వీడియో చూపించిన ఆమె కొడుకు ఇవాళ హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. "అత్తకు ఈ మాట చెప్పకు, తన వల్లే అనుకుంటుంది" అన్నారు నాన్న ఆ రాత్రి. నేను చెప్పాను. కొడుక్కీ చెప్పాను. వాడికి తెలియాలి.

వాడు రెండు రోజులు మాట్లాడలేదు. ఆదివారం బస్సెక్కి వచ్చేశాడు. నాన్న ట్రంకు పెట్టెలో అడుగున పరిచిన పాత పేపర్లు తీశాం, 1994, 95 నాటివి. ఇష్యూ ప్రకటనలు పేజీకి రెండు మూడు ఉన్నాయి. నాన్న కళ్లజోడు పెట్టుకుని కంపెనీ పేర్లు ఒక్కొక్కటీ చదువుతుంటే వాడు ఫోన్‌లో వెతికాడు. సాయంత్రానికి పదకొండు పేర్లు అయ్యాయి. రెండు దొరికాయి.