కాంటూరు తగ్గిస్తే కొల్లేరుకు నష్టం లేదా?

కొల్లేరు మీద ఒక వాట్సాప్ మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. వరద వచ్చినా, కోర్టులో వాయిదా పడినా మళ్లీ పైకి తేలుతుంది. అందులో చెప్పేది ఇదీ: కొల్లేరు ఎప్పుడో చచ్చిపోయింది, అభయారణ్యాన్ని 5వ కాంటూరు (కాంటూరు అంటే ఎత్తును బట్టి గీసిన హద్దు) నుంచి 3వ కాంటూరుకు కుదిస్తే రైతుకు భూమి దక్కుతుంది, సరస్సుకు పోయేదేమీ లేదు, చేపల చెరువుల్లో ఉన్నవీ నీళ్లే, విదేశీ ఒప్పందం కోసం, పక్షుల కోసం మనవాళ్ల పొట్ట కొడుతున్నారు, 2006లోనే చెరువులు కొట్టేశారు కాబట్టి ఇంకా గొడవ అనవసరం. ఇందులో ఒక్క విషయంలో మాత్రం న్యాయం ఉంది. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు నీళ్ల సంగతి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటితో పాటు కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలువలు కొల్లేరులోకే దిగుతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అది దాదాపు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తుంది. పెద్ద వాన పడితే వచ్చే నీరు ఎక్కువ, పోయే నీరు తక్కువ. ఆ మిగిలింది కొన్నాళ్లు ఎక్కడో ఒకచోట ఆగాలి. అలా ఆగే చోటే కొల్లేరు.

చేపల చెరువు ఈ పని చెయ్యదు, చెయ్యలేదు. ఆగస్టులో ఏ చెరువైనా చూడండి. అప్పటికే నిండా నీళ్లుంటాయి, అందులో బొచ్చె, శీలావతి పెరుగుతుంటాయి. వరద లోపలికొస్తే చేప బయటికి పోతుంది, లక్షల పెట్టుబడి నీళ్ల పాలవుతుంది. అందుకే యజమాని గట్టు ఎత్తు పెంచుతాడు, తూము మూసేస్తాడు, రాత్రంతా కాపలా ఉంటాడు. అతని బాధ అతనిది. కానీ ఆ గట్టు ఆపిన నీళ్లు పక్కనున్న లంక గ్రామం మీదికి వెళ్తాయి. చెరువులో నీళ్లుండటం వేరు, వరదకు చోటుండటం వేరు.

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగింది. దానికి కొల్లేరు ఆక్రమణలే కారణమని నేను అనడం లేదు, గండ్లు పడింది ఎగువన. కానీ ఆ నీళ్లు చివరికి దిగింది కొల్లేరులోకే. కైకలూరు, ఏలూరు వైపు లంక గ్రామాలకు రోడ్లు మునిగాయి. వరద వచ్చిన ప్రతిసారీ పెదయడ్లగాడి వంతెన ఖానాల్లో గుర్రపుడెక్క అడ్డం పడుతుంది, దాన్ని లాగడానికి జనం తంటాలు పడతారు. ఇలాంటి చోట గట్లకు ఇంకా అనుమతివ్వమని అడగడం లంక ఊళ్లను ముంచమని అడగడమే.

"రెండడుగులు తగ్గిస్తే ఏమవుతుంది" అన్న వాదన వినడానికి చిన్నగా ఉంటుంది. 5వ కాంటూరు అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు నీరు పరుచుకునే హద్దు. కొల్లేరు చదునైన పళ్లెం లాంటిది. రెండడుగులు దిగితే అంచులోని వేల ఎకరాలు ఒక్కసారిగా అభయారణ్యం హద్దు దాటి బయటపడతాయి. 1999లో రాష్ట్ర ప్రభుత్వం 308 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 76 వేల ఎకరాలు, అభయారణ్యంగా ప్రకటించింది ఈ 5వ కాంటూరు లెక్కతోనే. 2008లో శాసనసభ 3వ కాంటూరుకు తగ్గించమని తీర్మానం చేసిన మాట నిజమే. మెసేజ్ అక్కడితో ఆగిపోతుంది. తర్వాత కేంద్రం అజీజ్ నాయకత్వంలో నిపుణుల కమిటీ వేసిందని, ఆ కమిటీ తగ్గించవద్దని చెప్పిందని రాయదు.

మెసేజ్ చెప్పే విదేశీ ఒప్పందం రామ్‌సర్, అంటే చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న ఒప్పందం. దాన్ని మన నెత్తిన రుద్దారన్నది తేదీలు చూస్తేనే నిలబడదు. అభయారణ్యం 1999లో వచ్చింది, రామ్‌సర్ గుర్తింపు 2002లో. హద్దులు గీసింది మన రాష్ట్రం, వాడింది 1972 నాటి మన వన్యప్రాణి చట్టం. కొల్లేరు ఒడ్డున ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకోవడం నాకెంతో ఇష్టం, అది దాచుకోను. అయితే పక్షులు బతికే నీళ్లలోనే కొర్రమీను, జెల్ల, ఇంగిలాయి కూడా బతుకుతాయి. దోనె వేసుకుని వల విసిరే వడ్డీల (కొల్లేరు మత్స్యకార కులం వాళ్ల) సంప్రదాయ వేటను 1999 జీవో ఆపలేదు. వాళ్ల వేటకు దెబ్బ తగిలింది గట్ల వల్ల, మేత, మందుల వల్ల పాడైన నీటి వల్ల, వేసవిలో ఉప్పుటేరు గుండా ఎగదన్నే ఉప్పునీటి వల్ల. 1970ల్లో సహకార సంఘాల పేరుతో ఇచ్చిన చెరువులు కూడా చాలావరకు లీజుల మీద బయటి పెట్టుబడిదార్ల చేతికి వెళ్లాయి. వాళ్ల లాభాన్ని వడ్డీల బతుకుతెరువుగా చూపించడం నాకు కోపం తెప్పిస్తుంది.

2006 విషయానికొస్తే, సుప్రీంకోర్టు ఆదేశాలతో ఆపరేషన్ కొల్లేరులో గట్లు తెగ్గొట్టారు. తర్వాత పొక్లెయిన్లతో రాత్రికి రాత్రి మళ్లీ కట్టారు. కోర్టు ధిక్కార పిటిషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సమస్య తీరిపోతే ఆ అవసరమే వచ్చేది కాదు.

ఇక న్యాయమున్న మాట. అభయారణ్యం లోపల సుమారు 15 వేల ఎకరాల జిరాయితీ భూమి, అంటే రైతుల సొంత పట్టా భూమి, ఉంది. పట్టా చేతిలో ఉండి, శిస్తు కట్టి, ఆ భూమిని అమ్ముకోలేక, చెరువు తవ్వుకోలేక ఏళ్లుగా నలుగుతున్న కుటుంబాలవి. వాళ్లకు పరిహారం ఇవ్వకపోవడం ప్రభుత్వాల తప్పే, ఏ పార్టీ ఉన్నా. హక్కులు తేల్చి, డబ్బు చెల్లించి భూమి తీసుకునే దారి వన్యప్రాణి చట్టంలోనే ఉంది. దానికి కాంటూరు మార్చనక్కర్లేదు. కాంటూరు మారిస్తే ఈ జిరాయితీ రైతులతో పాటు ప్రభుత్వ భూమిని ఆక్రమించి గట్లు వేసినవాళ్లందరికీ హక్కు దొరుకుతుంది. ఎమ్మెల్యేను అడిగేవాళ్లు 3వ కాంటూరు అడగొద్దు. సర్వే నంబరు వారీగా జిరాయితీ జాబితా ఎప్పుడు తేలుస్తారో, ఎకరానికి ఎంతిస్తారో, ఏ బడ్జెట్లో పెడతారో అడగండి.