ఆపరేషన్ పొట్టకు.. దెబ్బ పిరుదు కండరాలకు

బరువు తగ్గించే ఆపరేషన్ అయిన మర్నాడు పేషెంట్ కుట్ల దగ్గర నొప్పి అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. పిరుదులు నొప్పెడుతున్నాయి, నడుము కింద బిగుసుకుపోయింది, తొడ తిమ్మిరెక్కింది అంటే మాత్రం 'చాలాసేపు వెల్లకిలా పడుకున్నారు కదా, అదే తగ్గిపోతుంది' అని చెప్పి పంపేయడం తేలిక. అందులో మొదటి సగం నిజమే. రెండో సగం నిజమో కాదో చెప్పాల్సింది రక్తపరీక్ష.

నిద్రలో మనం తెలియకుండానే పక్కకు ఒత్తిగిలుతుంటాం. మత్తులో, కండరాలను వదులుచేసే మందు కింద ఆ అవకాశం ఉండదు. నూట యాభై కిలోల మనిషి గంటల తరబడి ఒకే భంగిమలో ఉంటే పిరుదులు, నడుము, భుజాల కింది కండరాల్లో సన్న రక్తనాళాలు నలిగి మూసుకుపోతాయి. ఆక్సిజన్ అందని కండరం చిట్లిపోయి మయోగ్లోబిన్ అనే ప్రొటీన్, పొటాషియం వంటివి రక్తంలోకి వదులుతుంది. మయోగ్లోబిన్ కిడ్నీని దెబ్బతీస్తుంది, పొటాషియం గుండె లయను తప్పిస్తుంది. డాక్టర్లు దీన్ని ర్యాబ్డోమయోలిసిస్ అంటారు. 1941లో లండన్‌లో బాంబుదాడులకు కూలిన ఇళ్ల కింద చిక్కుకున్నవారిలో బైవాటర్స్, బీల్ అనే వైద్యులు వర్ణించిన కిడ్నీ దెబ్బ కూడా ఇలా నలిగిన కండరాల వల్ల వచ్చిందే. అక్కడ నలిపింది శిథిలాలు. ఇక్కడ నలిపేది రోగి సొంత బరువు.

బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే లెక్క) 50 దాటినవారికి, ముఖ్యంగా మగవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, ఆపరేషన్ నాలుగు గంటలు మించినప్పుడు ముప్పు ఎక్కువ. బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీకే ఇది పరిమితం కాదు. కిడ్నీ ఆపరేషన్‌కు పక్కకు తిప్పి పడుకోబెడితే బరువంతా ఒక తుంటి మీదే పడుతుంది. కాళ్లు పైకెత్తి కట్టే భంగిమలో పిక్కలు దెబ్బతింటాయి. కీహోల్ అనగానే చిన్న ఆపరేషన్ అనుకుంటాం. గాటు చిన్నదే, టేబుల్ మీద సమయం చిన్నది కావాలని లేదు. ఈ విషయంలో గాటు పొడవు కన్నా గడియారమే ముఖ్యం.

మత్తు మందుల వల్ల నేరుగా కండరాలు దెబ్బతినే జబ్బులూ ఉన్నాయి. మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అలాంటిదే, దానికి డాంట్రోలీన్ అనే విరుగుడు ఉంది. అది వేరే కథ. ఇక్కడ మత్తు డాక్టర్‌కు ఎదురయ్యే చిక్కు ఇంకొకటి: ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులోకి ఇచ్చే మందు) బాగా పనిచేస్తే రోగికి సుఖమే, కానీ పిరుదుల్లో నొప్పి అనే మొదటి హెచ్చరిక కూడా దాని కింద అణగిపోతుంది.

మూత్రం కోలా రంగులోకి మారేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, చాలామందిలో అసలు రంగు మారదు కూడా. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినైన్ రక్తంలో పెరిగేసరికి కిడ్నీకి దెబ్బ తగిలే ఉంటుంది. ముందే పట్టిచ్చేది సీపీకే, అంటే కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ పరీక్ష. మామూలుగా రెండొందల చుట్టుపక్కల ఉండే ఈ సంఖ్య దాదాపు ఐదు రెట్లు, అంటే వెయ్యి దాటితే అనుమానించాలి, ఐదు వేలు దాటితే కిడ్నీపై గట్టిగా కన్నేయాలి. వైద్యంలో ముఖ్యమైనది సెలైన్: గంటకు 200-300 మిల్లీలీటర్ల మూత్రం వచ్చేలా ఎక్కించడం. అలవాటుగా వాడే బైకార్బొనేట్, మానిటాల్‌కు గట్టి ఆధారాలు లేవు. గుండె బలహీనంగా ఉన్న రోగికి నీళ్లు ఎక్కువైనా ఊపిరితిత్తులు నిండిపోతాయి కాబట్టి ఇదీ గుడ్డిగా చేసే పని కాదు.

ఏ ఆపరేషన్ తర్వాతైనా సీపీకే కాస్త పెరుగుతుంది, అందరికీ చేయిస్తే అనవసరపు టెన్షన్ అనే వాదనలో న్యాయం ఉంది. అందుకే అందరికీ వద్దు. బాగా బరువున్నవారికి, ఆపరేషన్ గంటల కొద్దీ సాగినవారికి మర్నాడు ఒకసారి, పెరిగి ఉంటే మళ్లీ చేయించాలి. డయాలసిస్ ఖర్చు ముందు ఆ ఖర్చు లెక్కలోకే రాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మందికి బీఎంఐ 25 లేదా అంతకన్నా ఎక్కువ. వాళ్లంతా ఈ ముప్పులో ఉన్నారని కాదు. భారీకాయులు గాల్‌బ్లాడర్‌కో, గర్భసంచికో, వెన్నెముకకో మామూలు ఆస్పత్రి టేబుల్ ఎక్కడం మాత్రం పెరుగుతుంది. ఆ టేబుల్ బరువు మోయడం వేరు, వెడల్పు సరిపోవడం వేరు. జెల్ ప్యాడ్లు ఉన్నాయా, ఎన్ని గంటలు పట్టవచ్చు అని సంతకం పెట్టేముందు కుటుంబం అడగడంలో తప్పు లేదు.

సమయం మరీ ఎక్కువ అవుతుందనుకుంటే ఆపరేషన్‌ను రెండు విడతలుగా చేయడమూ ఉంది. ఇప్పుడు విరివిగా జరుగుతున్న స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ (జీర్ణాశయంలో చాలా భాగం తీసేసి సన్న గొట్టంలా మిగిల్చే ఆపరేషన్) అలా వచ్చిందే: మరీ ఎక్కువ బరువున్నవారికి పెద్ద ఆపరేషన్ ఒకేసారి ప్రమాదమని, మొదటి విడతగా దీన్ని ఒక్కదాన్నే చేసి, బరువు కొంత తగ్గాక మిగతాది చేసేవారు. చాలామందికి ఆ మొదటి విడతే సరిపోయింది.