స్పెయిన్ తాత దొరికాడు సరే, మిగతా అమ్మమ్మలు ఎక్కడ?

చాలా రోజుల నుంచి మనసులో ఉన్న విషయం, ఇవాళ రాసేస్తున్నా, పొడుగవుతుంది, ఓపికున్నవాళ్ళు చదవండి.

నేను పుట్టింది తెనాలిలో, ఇరవై ఏళ్ళుగా ఉంటున్నది టెక్సాస్‌లో శాన్ ఆంటోనియోలో, పెళ్ళి చేసుకున్నది మెక్సికన్ అమెరికన్ ఇంట్లో. మా మామగారి వాళ్ళ సొంతూరు మెక్సికోలో కోవావీలా రాష్ట్రం, సాల్తీయో. 1910లో విప్లవం మొదలయ్యాక ఊళ్ళో బతకలేక వాళ్ళ తాత పిల్లల్ని వెంటేసుకుని లరేడో దగ్గర నది దాటి ఇటు వచ్చేశాడు. మామగారి హాల్లో గోడ మీద ఒక పెద్ద ఫ్రేము ఉంటుంది, డాలు మీద సింహం బొమ్మ, కోట బొమ్మ, కింద ఇంటిపేరు. ఎవరొచ్చినా చూపించి "మనం స్పెయిన్ వాళ్ళం" అంటారు. నేను కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే నాకూ చెప్పారు, "చూడు మిహా, ఇది మన వంశం" అని. మిహా అంటే మనం "అమ్మడూ" అంటాం చూడండి, అలాంటి పిలుపు.

ఆయన మీద నాకు చాలా ప్రేమ, గౌరవం. ఆయన్ని తప్పుపట్టడానికి రాయట్లేదు. నా కోపమంతా ఆ ఫ్రేము అమ్మేవాళ్ళ మీద, "మీ ఇంటిపేరు చెప్పండి, స్పెయిన్ రాజుల దాకా వంశవృక్షం తీసిస్తాం" అని డబ్బులు గుంజేవాళ్ళ మీద. మామగారి దగ్గర ఒకడు అలాగే మూడొందల డాలర్లు తీసుకుని పన్నెండు పేజీల పీడీఎఫ్ పంపాడు. అందులో 1700 నుంచి 1550 దాకా ఒక్క రికార్డు నంబరు లేదు, ఒక్క చర్చి పేరు లేదు, నెట్లో ఎవరో పెట్టిన చెట్టుని ఎత్తి అంటించాడంతే. అసలు స్పెయిన్‌లో ఆ డాలు గుర్తులు ఫలానా వంశానికి, ఫలానా మనిషికి ఇచ్చేవి, ఒక ఇంటిపేరున్న లక్షల మందికీ కలిపి ఇచ్చేవి కావు.

ఇంటిపేరు సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మొత్తం గందరగోళం మొదలయ్యేది అక్కడే. మన దగ్గర ఇంటిపేరు చూసి ఏ ఊరి వాళ్ళో, ఎవరికి చుట్టాలో కొంచెమైనా ఊహించొచ్చు. మెక్సికోలో హెర్నాందెస్ అంటే ఎప్పుడో హెర్నాందో అనేవాడి కొడుకు అని అర్థం, గొన్సాలెస్ అంటే గొన్సాలో కొడుకు, అలాంటి పేర్లు స్పెయిన్‌లోనే వేల కుటుంబాలకి ఉన్నాయి. పైగా స్థానిక ప్రజలకి బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాద్రీలు స్పానిష్ పేర్లే పెట్టారు, కొందరికి జ్ఞానపిత (బాప్తిస్మంలో బిడ్డకి పూచీగా నిలబడేవాడు) ఇంటిపేరు వచ్చింది, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళలో చాలామందికి యజమాని ఇంటిపేరే అంటుకుంది. ఒకే తల్లికి పుట్టిన పిల్లల్లో ఒకరు నాన్న పేరు, ఒకరు అమ్మమ్మ పేరు పెట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. కాబట్టి గార్సియా అని పేరున్నంత మాత్రాన స్పెయిన్ నుంచి ఓడ దిగాడని ఎలా అంటాం?

మరి నిజంగా వెతకడం ఎలా అంటే, స్పెయిన్‌ని మర్చిపోయి మీ అమ్మ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. మేం అలాగే చేశాం. మా పెద్దమ్మాయికి స్కూల్లో ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్ట్ ఇచ్చారు, అదే సాకు. టెక్సాస్‌లో మామగారి తాత డెత్ సర్టిఫికెట్ దొరికింది, దాంట్లో ఆయన తల్లిదండ్రుల పేర్లున్నాయి, ఊరు సాల్తీయో అని ఉంది. అక్కడి నుంచి మెక్సికో సివిల్ రిజిస్టర్. 1859లో బెనితో హువారెస్ ప్రభుత్వం చట్టం చేసి జనన మరణాల లెక్క చర్చి చేతుల్లోంచి తీసుకుంది, ఊళ్ళలో గట్టిగా అమలైంది మాత్రం 1867 తర్వాత. ఆ జనన రికార్డులు చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది, ఎందుకంటే బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లతో పాటు ఇటు తాతా నాయనమ్మా, అటు తాతా అమ్మమ్మా, నలుగురి పేర్లూ రాస్తారు. ఒక్క పేజీలో మూడు తరాలు! మా తాతమ్మ పేరు ఎవరినడిగినా చెప్పలేకపోయారు, నాకు తెలిసింది రెండేళ్ళ కిందటే.

అంతకు ముందు కాలానికి చర్చి పుస్తకాలే దిక్కు. 1563లో ట్రెంట్ సభలో క్యాథలిక్ చర్చి ప్రతి పారిష్‌లో బాప్తిస్మం, పెళ్ళి రాసిపెట్టాలని నిర్ణయించింది, ఆ పుణ్యమా అని మెక్సికోలో కొన్ని చోట్ల 1500ల చివరి నుంచి పుస్తకాలున్నాయి. వీటిని 1950ల నుంచి యూటాలోని మోర్మన్ చర్చి వాళ్ళు మైక్రోఫిల్మ్ తీశారు, ఇప్పుడు ఫ్యామిలీసెర్చ్ అనే వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, కొన్ని ఇంట్లో కూర్చుని, కొన్ని వాళ్ళ సెంటర్‌కి వెళ్ళి. చదవడమే కష్టం. క్రిస్తోబాల్ అనే పేరుని ఎక్స్, పి అక్షరాలతో మొదలుపెడతారు, ఫ్రాన్సిస్కోని సగానికి కోసేస్తారు, బి ఉండాల్సిన చోట వి, జె ఉండాల్సిన చోట ఎక్స్. మొదటి నెల నాకు ఒక్క లైను అర్థమవడానికి గంట పట్టేది, తర్వాత ఆ పాద్రీ చెయ్యి అలవాటైపోయింది, చేతిరాత చూసి ఈయన వచ్చాడు, ఆయన వెళ్ళిపోయాడు అని చెప్పేదాన్ని.

ఇప్పుడు అసలు విషయం. పాత పుస్తకాలు చాలా చోట్ల వేరువేరుగా ఉంటాయి, స్పానిష్ వాళ్ళకొకటి, స్థానిక ప్రజలకొకటి, కలిసిపోయిన వాళ్ళందరికీ ఒకటి. పేరు పక్కన ఎస్పాన్యోల్ (స్పానిష్), మెస్తీసో (స్పానిష్, స్థానిక కలయిక), ములాతో (స్పానిష్, ఆఫ్రికా కలయిక), కొయోతే, లోబో అని జాతి రాసేవారు. కొయోతే అంటే నక్కలాంటి జంతువు, లోబో అంటే తోడేలు, చంటిబిడ్డకి బాప్తిస్మం ఇస్తూ పక్కన ఈ మాట రాశారు, అది చూస్తే నాకు కడుపులో దేవినట్టయింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1822లో, ఇలా రాయడం ఆపేయమని ఆదేశం వచ్చింది.

అయితే చాలామంది ఏం చేస్తారంటే ఎస్పాన్యోల్ అనే మాట కనబడగానే ఎగిరి గంతేసి "చూశారా, స్పెయిన్!" అంటారు. ఆ మాటకి స్పెయిన్‌లో పుట్టాడని అర్థం కాదండీ. రెండొందల ఏళ్ళుగా మెక్సికోలోనే ఉన్నవాణ్ణీ అలాగే రాశారు. పైగా మా రికార్డుల్లోనే ఒకాయన బాప్తిస్మంలో మెస్తీసో, పెళ్ళి నాటికి ఎస్పాన్యోల్. మధ్యలో ఏమైంది, నాలుగు ఎకరాలు కొన్నాడేమో, మంచి సంబంధం కుదిరిందేమో, పాద్రీ ముఖం చూసి రాశాడేమో. ఆ ముద్ర మనిషి ఊళ్ళో ఎంత ఎత్తుకి ఎదిగాడో చెబుతుంది గానీ ఒంట్లో రక్తం ఎవరిదో చెప్పదు.

సాల్తీయోలో ఇంకో సంగతి ఉంది, అది తెలియకుండా ఆ ఊరి వంశాలు వెతకడం అనవసరం. సాల్తీయో 1577లో మొదలైంది, స్థాపించింది ఆల్బెర్తో దెల్ కాంతో అంటారు. కానీ 1591లో వైస్రాయ్ లూయిస్ దె వెలాస్కో ఒప్పందం చేసుకుని మధ్య మెక్సికోలోని త్లాష్కాలా నుంచి సుమారు 400 కుటుంబాలని ఉత్తరాదికి పంపాడు, అందులో కొంతమంది సాల్తీయో పక్కనే శాన్ ఎస్తెబాన్ అనే ఊరు కట్టుకున్నారు. గుర్రమెక్కే హక్కు, ఆయుధం పట్టే హక్కు, పన్ను మినహాయింపు రాయించుకుని మరీ వచ్చారు. వాళ్ళకి వేరే చర్చి, వేరే పుస్తకాలు, వాళ్ళ నవాత్ల్ భాషలో రాసిన వీలునామాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కరువు నేలలో కాలువలు, తోటలు, నేత పని, వీటిలో వాళ్ళ చెమట ఎంతో ఉంది. సాల్తీయో నేత సరపే దుప్పటి మెక్సికో అంతటా పేరు మోసింది.

మా పిల్లల వంశంలో స్పెయిన్ దొరికిందా అంటే, దొరికింది. 1740ల పెళ్ళి రికార్డులో వరుడు "కాస్తీయ్య రాజ్యంలో, శాంతాందేర్ కొండల్లో" ఫలానా ఊరి వాడని రాసుంది. ఆ రోజు మామగారి కళ్ళల్లో నీళ్ళు చూశాను, నాకూ ఆగలేదు. కానీ అదే వంశంలో, ఆయన కొడుకు చేసుకున్న అమ్మాయి శాన్ ఎస్తెబాన్ పుస్తకంలో ఉంది. ఆ అమ్మాయి తల్లి పేరు మరియా అని మాత్రమే ఉంది, ఇంటిపేరు లేదు. శాంతాందేర్ ఆయన గురించి ఇంట్లో నెల రోజులు మాట్లాడుకున్నారు, ఆ శాన్ ఎస్తెబాన్ అమ్మాయి గురించి ఒక్కరు అడగలేదు.

అందుకే ఈ పోస్టు. పది తరాలు వెనక్కి వెళితే లెక్క ప్రకారం 1,024 మంది తాతలు, అమ్మమ్మలు. అందులో ఒక్క మగవాడిని పట్టుకుని "మేం వాళ్ళం" అంటే మిగతా వాళ్ళంతా ఏమైనట్టు? సైన్సు చెప్పేదీ చూడండి, మెక్సికన్ మెస్తీసోల మీద చేసిన డీఎన్‌ఏ పరిశోధనల్లో తండ్రి నుంచి తండ్రికి వెళ్ళే వరస ఎక్కువగా యూరప్‌కి, తల్లి నుంచి తల్లికి వెళ్ళే వరస చాలా ఎక్కువ శాతం స్థానిక ప్రజలకి చేరుతుంది. అంటే ఓడల్లో వచ్చినవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళు, ఆ ఇళ్ళు నిలబెట్టినవాళ్ళు ఇక్కడి ఆడవాళ్ళు, ఆ కలయికలన్నీ ఇష్టంతో జరగలేదని కూడా తెలుసు. పేర్లు మగవాళ్ళవి మిగిలాయి. ఆఫ్రికా వాళ్ళ సంగతీ అంతే, వలస కాలంలో రెండు లక్షల మందికి పైగా బానిసలని తెచ్చారు, 2020 జనాభా లెక్కల్లో 25 లక్షల మందికి పైగా తాము ఆఫ్రో మెక్సికన్లమని చెప్పుకున్నారు, అయినా ఏ ఇంట్లో అడిగినా "మా వైపు లేరు" అంటారు.

మనకి ఇంకో ముడి కూడా ఉంది, అది చాలామందికి తెలియదు. 1565 నుంచి 1815 దాకా ఫిలిప్పీన్స్‌లోని మనీలా నుంచి మెక్సికోలోని అకాపుల్కోకి ఓడలు తిరిగేవి, వాటిలో ఆసియా నుంచి వచ్చినవాళ్ళందరినీ "చీనో" అని రాసేవారు. ఇండియాలో పుట్టిన ఒక అమ్మాయిని పోర్చుగీసు వాళ్ళు ఎత్తుకుపోయి మనీలాలో అమ్మితే, అక్కడి నుంచి ప్వెబ్లా నగరానికి చేరింది, కతరీనా దె శాన్ హువాన్ అని పేరు పెట్టారు, 1688లో చనిపోతే ఊరంతా తరలివచ్చింది. పుస్తకంలో చీనో అన్న మాట కనబడినప్పుడల్లా నేను అక్కడ ఆగిపోతాను, ఏ తీరం నుంచి వచ్చారో అని.

పాస్‌పోర్ట్ కోసం వెతికేవాళ్ళకి ఒక మాట. 1492లో వెళ్ళగొట్టిన యూదుల వారసులకి స్పెయిన్ 2015లో పౌరసత్వం చట్టం తెచ్చింది, 2019 అక్టోబర్‌లో అప్లికేషన్లు ఆగిపోయాయి, లక్షా ముప్పై వేలకి పైగా వచ్చాయి, మిగతా దేశాలన్నిటికంటే ఎక్కువ మెక్సికో నుంచే. ఆ టైములో మోంతెర్రే, సాల్తీయో వైపు ప్రతి ఇంట్లో లూయిస్ దె కార్వహాల్ పేరు వినబడింది. 1579లో ఆ ప్రాంతానికి గవర్నరుగా నియమించారు, కుటుంబం యూదు మూలాలది, ఇన్‌క్విజిషన్ (మత విచారణ చేసే చర్చి కోర్టు) కుటుంబాన్నే నాశనం చేసింది, మేనల్లుడిని 1596లో చంపారు. అదంతా చరిత్రే. కానీ "మేం గోధుమ టోర్టిల్లాలు, మేకపిల్ల మాంసం తింటాం కాబట్టి యూదులం" అనేది ఆధారం కాదు, గోధుమ పండి మేకలు మేసే నేల మీద ఎవరైనా అదే తింటారు. తర్వాత 2022లో స్పెయిన్‌లో వచ్చిన మనవళ్ళ చట్టం కూడా 2025 అక్టోబర్‌తో ముగిసింది, అది స్పెయిన్ పౌరులుగా పుట్టినవాళ్ళ పిల్లలు, మనవళ్ళ లాంటి దగ్గర తరాల కోసం. 1600ల తాత దొరికితే పాస్‌పోర్ట్ రాదండీ, ఆ ఆశ చూపించి డబ్బులడిగేవాళ్ళని నమ్మకండి.

సముద్రం దాటించడానికి దొంగదారి లేదు. స్పెయిన్‌లోని సెవీయ్యాలో ఇండీస్ ఆర్కైవ్ (అమెరికా వలసల పాత కాగితాల భాండాగారం) ఉంది, ఓడ ఎక్కిన వాళ్ళ లైసెన్సులు పారెస్ అనే పోర్టల్‌లో వెతకొచ్చు. కానీ నావికులుగా వచ్చి దిగిపోయినవాళ్ళు, లైసెన్సు లేకుండా వచ్చినవాళ్ళు ఎందరో, పేరు లేకపోతే రాలేదని కాదు, హువాన్ గార్సియా అని పేరుంటే మీ హువాన్ గార్సియానే అనీ కాదు. ఊరి పేరు మెక్సికో పెళ్ళి రికార్డులోనే పట్టుకోవాలి. ముఖ్యంగా దగ్గర చుట్టరికంలో పెళ్ళికి చర్చి ఇచ్చిన అనుమతి పత్రాలు చూడండి. అప్పట్లో నాలుగో తరం దాకా చుట్టరికం ఉంటే అనుమతి తప్పనిసరి, అందుకని ఎవరికెవరు ఏమవుతారో చెట్టు గీసి మరీ పెట్టేవారు. మేనరికాల మధ్య పెరిగినదాన్ని కదా, మా ఆయనకి తల తిరిగిపోయిన ఆ చెట్లు నాకు ఇట్టే అర్థమయ్యాయి. స్పెయిన్ వైపు సివిల్ రిజిస్టర్ 1871 నుంచే, అంతకు ముందువి చర్చివి, 1936లో మొదలైన స్పెయిన్ అంతర్యుద్ధంలో కాలిపోయినవి కొన్ని, డయోసీస్‌కి (బిషప్ కార్యాలయానికి) ఉత్తరం రాసి అడగాల్సినవి చాలా.

మామగారి ఫ్రేము గోడ మీదే ఉంది, తీయమని నేను అడగలేదు. పక్కన మా అమ్మాయి గీసిన చార్ట్ పెట్టాం, అందులో శాన్ ఎస్తెబాన్ ఆవిడ పేరు శాంతాందేర్ ఆయన పేరు ఎంత సైజులో ఉందో అంతే సైజులో ఉంది. మొన్న ఆదివారం ఎవరో చుట్టాలొస్తే ఆయన ఫ్రేము చూపించి, తర్వాత చార్ట్ మీద వేలు పెట్టి "ఈవిడ త్లాష్కాలా మనిషి" అన్నారు, గొంతులో చిన్న తడబాటు ఉంది గానీ అన్నారు. ఆవిడ తల్లి మరియా ఎవరి కూతురో కనుక్కోవాలని రాత్రి పిల్లలు పడుకున్నాక 1760ల ఖనన పుస్తకం తిరగేస్తున్నా, నీళ్ళు పడి సగం పేజీలు నల్లబడిపోయాయి, 43వ పేజీ దాకా వచ్చాను.