అచ్చు కూర్చిన చేతులు

మార్కు సువార్త మొదటి అధ్యాయం 40వ వచనంలో ఒక కుష్ఠరోగి యేసు ఎదుట మోకరిల్లుతాడు. 'ఆయన ముందు మోకరిల్లి' అని చెప్పడానికి అమెరికా తూర్పు తీరంలోని వాంపనోగ్ ప్రజల భాషలో ఒక్క పదం చాలు. రోమన్ లిపిలో రాస్తే ఆ పదానికి ముప్పైకి పైగా అక్షరాలు పడతాయి. 1663లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో అది అచ్చయింది. ఉత్తర అమెరికాలో ముద్రితమైన తొలి బైబిలు ఇంగ్లిషుది కాదు, ఈ ఆదివాసుల భాషది.

అనువదించింది ఆంగ్లేయ మతబోధకుడు జాన్ ఇలియట్ అంటారు. ఆయన శ్రమ చిన్నదేమీ కాదు. కానీ ఆయనకు భాష నేర్పింది కాకెనో అనే స్థానికుడు. సీసపు అక్షరాలను ఏరి పేర్చిన చేతుల్లో నిప్మక్ తెగ యువకుడు వావాస్‌వి కూడా ఉన్నాయి. ముఖపత్రం మీద ఇలియట్ పేరుంది, ఇద్దరు ఆంగ్లేయ ముద్రాపకుల పేర్లున్నాయి. కాకెనో, వావాస్‌ల పేర్లు లేవు.

పన్నెండేళ్లకు వలసవాసులకూ ఆదివాసులకూ మధ్య యుద్ధం వచ్చింది. క్రైస్తవం స్వీకరించిన ఆదివాసులనే వలసవాసులు బోస్టన్ రేవులోని డీర్ దీవికి తరలించారు. చలికీ ఆకలికీ ఎందరో చనిపోయారు. దేవుడి మాటను వారి భాషలో అందించిన సమాజమే, ఆ దేవుణ్ణి నమ్మినవారిని నమ్మలేదు. 19వ శతాబ్దంలో ఆ భాషే మూగబోయింది.

అయినా 1993లో జెస్సీ లిటిల్ డో బేర్డ్ అనే వాంపనోగ్ మహిళ దాన్ని తిరిగి పలికించే పనికి పూనుకున్నారు. తర్వాత భాషావేత్త కెన్నెత్ హేల్ తోడయ్యారు. పూర్వీకులు స్వహస్తాలతో రాసుకున్న వీలునామాలు, భూమి దస్తావేజులు ఒక పక్క, ఆ బైబిలు మరో పక్క పెట్టుకుని మాటలు ఏరారు. ఇంగ్లిషు బైబిలులోని అదే వచనంతో పోల్చి చూస్తే అర్థం దొరికేది. శతాబ్దానికి పైగా గడిచాక ఆమె కూతురు ఆ భాషను ఉగ్గుపాలతో నేర్చింది.

నేడు పూర్తి బైబిలు 700కు పైగా భాషల్లో ఉంది. మిగిలిన భాషలకూ త్వరగా చేరాలన్న తొందర కనిపిస్తోంది, కంప్యూటర్లూ రంగంలోకి దిగాయి. గ్రంథం చేరడాన్ని మేము కాదనడం లేదు. అయితే చిత్తుప్రతులు, పదకోశాలు, రికార్డు చేసిన గొంతులు ఆ భాష మాట్లాడే ఊళ్లకే దక్కాలి. మాట చెప్పిన అవ్వ పేరు, దిద్దిన కుర్రవాడి పేరు, వారు ఒప్పుకుంటే, ముఖపత్రం మీదే అచ్చవ్వాలి.