సన్నబియ్యం వెనుక దశాబ్దాల శాస్త్రం

తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇస్తున్నారు. సన్నాలు పండించిన రైతుకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ అంతకుముందే ప్రకటించారు. ఈ పథకం ఘనత ఎవరిదన్న వాదన సభల్లో, టీవీ చర్చల్లో కావలసినంత జరిగింది. ఒకప్పుడు పండగనాడో, ఇంటికి చుట్టాలొచ్చిన నాడో వండుకునే సన్నబియ్యం సామాన్యుడి కంచంలోకి వచ్చేంత సమృద్ధిగా అసలు ఎలా పండుతోందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. ఆ సంగతి ప్రజల సొమ్ముతో నడిచే పరిశోధనకు సంబంధించినది. పరిశోధనలపై ఖర్చు దండగ అనే మాట బడ్జెట్ వేళ వినిపిస్తున్నప్పుడల్లా దాన్ని గుర్తుచేయడం మా బాధ్యత అనుకుంటున్నాం.

రైతులు ‘బీపీటీలు’ అనీ, వ్యాపారులు సాంబ మసూరి అనీ పిలిచే బీపీటీ 5204 వంగడం 1986లో విడుదలైంది. దాన్ని రూపొందించింది నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద బాపట్లలో పనిచేసిన శాస్త్రవేత్తలు. పేరులోని బీపీటీ బాపట్లకు గుర్తు. కర్ణాటక, తమిళనాడుల దాకా విస్తరించిన ఈ వంగడం నలభై ఏళ్లుగా పొలంలో నిలబడింది. ఇది హైబ్రిడ్ కాదు కనుక రైతు తాను పండించిన గింజనే మరుసటి ఏడాది విత్తనంగా దాచుకోగలడు. దీనిపై ఏ కంపెనీకీ రాయల్టీ చెల్లించనక్కరలేదు.

ఈ వంగడం వంశవృక్షం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దాని పూర్వీకుల్లో ఒకటి జీఈబీ 24. బ్రిటిష్ హయాంలో కోయంబత్తూరులో పనిచేసిన ప్రభుత్వ వృక్షశాస్త్ర అధికారి హోదాకు ఇంగ్లిషులో ఉన్న పొడి అక్షరాలే ఆ వరికి పేరయ్యాయి. కోనమణి అనే పాత రకంలో సహజంగా వచ్చిన మార్పును గమనించి, ఏరి, వేరుచేసి దాన్ని నిలబెట్టారు. రెండోది తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1. మూడోది మసూరి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1950లలో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ చేపట్టిన, వేర్వేరు వరి రకాలను కలిపే సంకర కార్యక్రమంలో పుట్టిన గింజలు మలయాకు చేరి, అక్కడ ఎంపికై, 1965లో మసూరి పేరుతో విడుదలై, తిరిగి మన దేశానికి వచ్చాయి. కోయంబత్తూరు, కటక్, తైవాన్, మలేసియా, చివరికి బాపట్ల: ఈ దారి పొడవునా పని సాగించినవి ప్రభుత్వ ఖజానాతో నడిచిన సంస్థలే. కటక్‌లో మొదటి సంకరం చేసినవారికి బాపట్ల సంగతి తెలిసే అవకాశమే లేదు.

సంకరం అనే మాట రాయడానికి తేలికే గానీ ఆ పని చాలా ఓపికతో కూడుకున్నది. వరి పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందుతుంది. కాబట్టి అది విచ్చుకోకముందే కంకిలోని ఒక్కొక్క గింజ పొట్టు కొసను కత్తిరించి, లోపలున్న ఆరు కేసరాలనూ సన్నని పట్టకారుతో తీసేయాలి. ఒక్క కేసరం మిగిలినా పని చెడినట్టే. ఆ తర్వాత కంకికి కాగితపు సంచి తొడిగి, రెండో రకం మొక్క పూత విచ్చుకునే వేళ కనిపెట్టి, దాని పుప్పొడిని ఈ కంకిపై దులపాలి. ఇంత చేస్తే దక్కేవి కొన్ని గింజలు. వాటిని నాటి, వచ్చిన మొక్కల్లో మంచివి ఏరి, మళ్లీ నాటి, గుణాలు స్థిరపడే దాకా తరం వెంట తరం చూడాలి. ఆపైన వేర్వేరు నేలల్లో, రైతుల పొలాల్లో పరీక్షలు జరగాలి. ఇదంతా అయ్యేసరికి దాదాపు పదేళ్లు పడుతుంది. మొదటి సంకరం చేసిన శాస్త్రవేత్త కొన్నిసార్లు ఫలితం చూడకుండానే పదవీ విరమణ చేస్తారు.

సాంబ మసూరికి ఒక బలహీనత ఉంది. గాలివానల తర్వాత ఎండాకు తెగులు సోకితే ఆకుల అంచులు పసుపు తిరిగి, కొస నుంచి కిందికి ఎండుకుంటూ వస్తాయి. ఇది బాక్టీరియా వల్ల వచ్చే తెగులు. నమ్మదగిన మందు లేదు. యూరియా వేయడం ఆపి, పొలంలో నీళ్లు తీసేసి, దేవుడిపై భారం వేయడమే రైతుకు మిగిలిన దారి. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో శాస్త్రవేత్త రమేశ్ సొంటి బృందం ఈ బాక్టీరియా మొక్క కణాల గోడను ఎలా ఛేదిస్తుందన్న మౌలికమైన ప్రశ్నపై ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ బృందమే రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలతో చేతులు కలిపి, తెగులును తట్టుకునే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చింది. వాటిలో ఒకటి ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరిది. ఆ అడవి వరి తెగులును తట్టుకుంటుందని 1970లలో గుర్తించింది మన దేశంలోనే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ గుణాన్ని సాగు వరిలోకి తెచ్చింది. అలా రూపొందిన మెరుగైన సాంబ మసూరి 2008లో రైతులకు అందింది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. సంకరంతో, ఎంపికతో వచ్చినదే. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక దీనికి 51 దరిదాపుల్లో ఉందని తర్వాత తేలింది. 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. మధుమేహంతో బతుకుతున్న కుటుంబాలకు ఇది ఎవరూ ముందుగా కోరని లాభం.

ఇంకా దూరం వెళ్లాలి. సంకరంలో పుట్టిన మొలకల్లో మూడు జన్యువులూ ఏ మొక్కలో ఉన్నాయో తెలుసుకోవడానికి ఆకు ముక్క నుంచి డీఎన్ఏ తీసి, కొద్దిపాటి డీఎన్ఏకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పీసీఆర్ అనే పద్ధతిలో పరీక్షించారు. కోవిడ్ కాలంలో ఊరూరా తెలిసిన పేరే ఇది. ఆ పద్ధతిలో డీఎన్ఏను పదేపదే 95 డిగ్రీల దాకా వేడి చేయాలి. ఆ వేడికి చెడిపోని ఎంజైమ్ ఉంటే తప్ప పని నడవదు. అది అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో దొరికిన బాక్టీరియా నుంచి వచ్చింది. 1960లలో థామస్ బ్రాక్ అనే సూక్ష్మజీవశాస్త్రవేత్త అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులతో అక్కడికి వెళ్లింది, అంత వేడిలో ప్రాణులు ఎలా బతుకుతాయో తెలుసుకోవడానికే. తాను కనుగొన్న జీవిని ఆయన అందరికీ అందుబాటులో ఉండే భాండాగారంలో దాచిపెట్టారు. 1983లో పీసీఆర్‌ను ఆలోచించిన కారీ మల్లిస్ ఒక ప్రైవేటు కంపెనీ ఉద్యోగి. 1993లో నోబెల్ అందుకున్నారు. ఆ కంపెనీ ప్రతిభను తగ్గించి చూపడం మా ఉద్దేశం కాదు. కానీ అది తీసుకున్న ముడిసరుకు ప్రజాధనంతో దొరికినది. వేడినీటి బుగ్గలో బురద వెతకడానికి డబ్బెందుకని ఆనాడు ఎవరైనా అడ్డుపడి ఉంటే, రాజేంద్రనగర్ మొలకల సంగతి అలా ఉంచి, కోవిడ్ పరీక్షల సంగతేమిటి?

సముద్రం వైపు చూసినా ఇదే కథ. హైదరాబాద్‌లో 1999లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూపే సముద్రపు ఉష్ణోగ్రత, నీటిలోని పచ్చదనం ఆధారంగా చేపలు దొరికే చోట్లను తెలుగులోనే మత్స్యకారులకు చెబుతోంది. గాలింపు తగ్గితే డీజిల్ మిగులుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన దాదాపు పది వేల ప్రాణాలు తీసింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను చిందరవందర చేసినా మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. తుఫాను దారిని ముందుగా లెక్కగట్టిన వాతావరణ శాస్త్రానికీ, జనాన్ని తరలించిన యంత్రాంగానికీ ఇందులో వాటా ఉంది.

ఇన్ని రుజువులున్నా పరిశోధనపై మన ఖర్చు 2020-21లో స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. అప్పటికే చైనా 2.4 శాతం, దక్షిణ కొరియా 4.8 శాతం దాకా పెట్టాయి. అంతకన్నా బాధ కలిగించే అంకె ఒకటుంది. దేశంలో జరిగే ఆ కాస్త ఖర్చులోనూ రాష్ట్ర ప్రభుత్వాలన్నిటిదీ కలిపితే 6.7 శాతమే. బీపీటీ 5204 గానీ, రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోనా గానీ రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాల బిడ్డలు. ఆ విశ్వవిద్యాలయాల్లోనే శాస్త్రవేత్తల ఖాళీలు ఏళ్ల తరబడి నిండకపోవడం, ఫెలోషిప్పు సొమ్ము చేతికందక పరిశోధక విద్యార్థులు అప్పులు చేయడం మామూలైపోయింది. పదేళ్ల ఓపిక అవసరమైన పనిని ఏడాది ఒప్పందపు ఉద్యోగితో చేయించలేం.

కేంద్రం 2023లో చట్టం చేసి అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌ను తెచ్చింది. ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలన్నారు. అందులో బడ్జెట్ నుంచి వచ్చేది 14,000 కోట్లు. మిగతాది ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలి. 2025 జులైలో మంత్రివర్గం ఆమోదించిన లక్ష కోట్ల పథకం ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీపై దీర్ఘకాలిక అప్పులిచ్చేది. రెండింటినీ మేం స్వాగతిస్తున్నాం. అయితే అప్పు తీర్చాలంటే ఆదాయం కనిపించాలి. మరుగుతున్న నీటిలో బాక్టీరియా ఎలా బతుకుతుందన్న ప్రశ్నకు ఏ బ్యాంకూ అప్పివ్వదు. ఆ ప్రశ్నను భరించాల్సింది ఖజానాయే.

ప్రజల సొమ్ము కనుక జవాబుదారీ అడగడం న్యాయమే. ఫలితమివ్వని ప్రాజెక్టులు ఉంటాయి; పదోన్నతి కోసం అచ్చయ్యే పత్రాలూ ఉంటాయి. ప్రయోగశాలలో తయారైనది పొలానికి చేరడంలో జాప్యమూ ఉంది. తెగులును తట్టుకునే సాంబ మసూరి వచ్చి ఇన్నేళ్లయినా చాలా ఊళ్లలో పాతదే వేస్తున్నారు. ఆ లోపం జన్యుశాస్త్రంలో లేదు, విత్తనాభివృద్ధి, విస్తరణ వ్యవస్థల్లో ఉంది. వాటికీ డబ్బు కావాలి, మనుషులు కావాలి.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మేం కోరేది స్పష్టం. సన్నబియ్యానికి ఏటా పెడుతున్న ఖర్చు పక్కనే, వరి పరిశోధనకు ఎంత ఇచ్చారో వచ్చే బడ్జెట్ పత్రంలో వేరుగా చూపండి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఖాళీగా ఉన్న శాస్త్రవేత్తల పోస్టులన్నిటికీ నోటిఫికేషన్ ఇచ్చి, వచ్చే ఖరీఫ్ నారుమళ్లు పోసే నాటికి నియామకాలు పూర్తి చేయండి. ఎండాకు తెగులు బాక్టీరియా కొత్త రూపాలు దిద్దుకుంటూనే ఉంటుంది. దానికి ఎదురునిలిచే తర్వాతి వంగడానికి ఈ ఏడాది సంకరం మొదలుపెడితే రైతుకు అందేది పదేళ్లకే.